ఉత్తర ధ్రువ సీమలో పరిశోధన ఎవరి చేతిలో?

1897లో ధ్రువ అన్వేషకుడు రాబర్ట్ పియరీ గ్రీన్‌లాండ్ నుంచి ఆరుగురు ఇన్యూట్ ఆదివాసులను న్యూయార్క్‌లోని మ్యూజియానికి తీసుకొచ్చాడు. కొద్ది నెలల్లోనే నలుగురు చనిపోయారు. వాళ్ల ఎముకలను మ్యూజియం తన దగ్గరే ఉంచుకుంది. అవి సొంత నేలకు చేరింది 1993లో. అర్ధ శతాబ్దం దాటినా తీరు మారలేదు. 1955-57లో అమెరికా వైమానిక దళ ప్రయోగశాల అలాస్కా ఆదివాసులకు రేడియోధార్మిక అయోడిన్ ఇచ్చింది. చలిని తట్టుకోవడంలో థైరాయిడ్ పాత్ర ఏమిటో తేల్చాలట. తమకు ఏమి ఇస్తున్నారో వాళ్లకు సరిగా చెప్పనేలేదు.

1970లలో చమురు కంపెనీలు ఉత్తరానికి కదిలాయి, భూమి హక్కుల పోరాటమూ రాజుకుంది. కెనడాలో మెకంజీ లోయ పైప్‌లైన్‌పై విచారణకు వచ్చిన న్యాయమూర్తి థామస్ బర్జర్ ఊరూరా తిరిగి వేటగాళ్ల మాటను సాక్ష్యంగా రాసుకున్నాడు. వేరే అధ్యయనంలో ఇన్యూట్ వేటగాళ్ల చేత గీయించిన వేట దారుల పటాలు 1976లో మూడు సంపుటాలుగా వెలువడ్డాయి.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకునేది తిమింగలాల లెక్క. బోహెడ్ తిమింగలాలు రెండు వేలు కూడా లేవని నమ్మి, 1977లో అంతర్జాతీయ తిమింగల కమిషన్ అలాస్కాలో వాటి వేటను నిషేధించింది. ఇన్యుపియాట్ వేటగాళ్లు ఒప్పుకోలేదు. మీరు మంచు పగుళ్లలో కంటికి కనిపించినవే లెక్కపెడుతున్నారు, అవి మంచు కిందుగానూ ఈదుతాయి, ఒడ్డుకు దూరంగానూ వెళతాయి అన్నారు. ఆ మాటను పరీక్షించడానికి నార్త్ స్లోప్ బరో అనే స్థానిక ప్రభుత్వం తానే జీవశాస్త్రవేత్తలను పెట్టుకుంది. నీటిలోకి హైడ్రోఫోన్లు దించి తిమింగలాల గొంతులు విన్నారు. వేటగాళ్లు చెప్పిందే నిజమని తేలింది. 2001 నాటి లెక్క పదివేలు దాటింది. ఈ కథ చెప్పేవాళ్లు సంప్రదాయ జ్ఞానాన్నే మెచ్చుకుంటారు. నేను డబ్బు సంగతి కూడా చెప్పాలంటాను. బరోకు చమురు ఆస్తులపై పన్ను రాబడి ఉండేది. అది లేకపోతే వేటగాళ్ల మాట ఫిర్యాదుగానే మిగిలేది.

ఆ తర్వాత నియమాలు వరసగా వచ్చాయి. ఉత్తరాది అధ్యయనాల కోసం ఏర్పడిన కెనడా విశ్వవిద్యాలయాల సంఘం 1982లో ఉత్తరాది పరిశోధనకు నైతిక సూత్రాలు రాసింది. సమాచారంపై యాజమాన్యం, అదుపు, అందుబాటు, స్వాధీనం తమవేనని 1998లో ఫస్ట్ నేషన్స్ అనే కెనడా ఆదివాసీ జాతులు ప్రకటించాయి. ఆదివాసులపై పరిశోధనకు 2010లో జాతీయ నైతిక విధానంలో ప్రత్యేక అధ్యాయం చేరింది. అయితే ఇవి ఎక్కువగా అనుమతి గురించినవి. ప్రశ్నను ఎంచుకునేది మాత్రం కెనడా దక్షిణాది విశ్వవిద్యాలయాలే. అందుకే 2018లో ఇన్యూట్ జాతీయ సంస్థ తన పరిశోధనా వ్యూహంలో నిధులపైనా, వాటిని పంచే సంస్థల నిర్ణయాలపైనా వాటా అడిగింది. అప్పటికి కెనడా ఇన్యూట్ ప్రాంతంలో ఒక్క విశ్వవిద్యాలయమూ లేదు.