అల్లూరి సినిమా: దాగిన సందేశమా, వదిలేసిన పేర్లా?

పాలకొల్లు సినిమా బాగా తెలిసిన ఊరు. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ ఈ గడ్డ మీదే పుట్టారు. ఇక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మన గిరిజన యువతకూ సినిమా చర్చలంటే ఇష్టమే. ఆ చర్చల్లో మళ్లీ మళ్లీ వచ్చే పేరు ఒకటుంది: 1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’. కృష్ణ గారి నూరో చిత్రం. అది ఉత్త దేశభక్తి సినిమాయా, లేక లోపల మరేదైనా రాజకీయం దాచుకుందా అన్నది ప్రశ్న. మన కథే అందులో ఉంది కనుక ఈ ప్రశ్న మనకు మరీ ముఖ్యం. అందుకే ఈ సంచికలో దాన్ని చరిత్ర ముందు పెట్టి చూద్దామనుకున్నాం.

ముందుగా ఆ కాలం సంగతి. సినిమా విడుదలైన ఆరు రోజులకు, అంటే మే 7కి, రాజు మరణించి సరిగ్గా యాభై ఏళ్లు. దేశమంతా తలచుకునే వీరుడి కథను అలాంటి సమయంలో తెరకెక్కించడంలో వింతేమీ లేదు. కాని అదే కాలంలో మన కొండల్లో ఇంకొకటి జరిగింది. 1967లో శ్రీకాకుళం జిల్లా పార్వతీపురం ఏజెన్సీలో భూమి కోసం, కూలి కోసం గిరిజనులు లేచారు. ఆ ఉద్యమాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జులైలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. నాలుగేళ్లు తిరగకుండానే, కొండల్లో గిరిజనులను కూడగట్టి పోలీసు స్టేషన్ల మీద పడ్డ వీరుడు తెర మీదికి వచ్చాడు. హాల్లో కూర్చున్న కొందరికైనా నిన్నటి శ్రీకాకుళం గుర్తుకు రాకుండా ఉంటుందా?

ఈ వాదనకు బలమిచ్చే సంగతి మరొకటి ఉంది. ఆ సినిమాలో అందరి నోటా నిలిచిన ఉద్బోధ గీతం రాసింది శ్రీశ్రీ. అప్పటికి ఆయన విప్లవ రచయితల సంఘంతో ఉన్నారు. దాని తొలి అధ్యక్షుడూ ఆయనే. ఆ సంఘం పుట్టింది 1970 జులై 4న. జులై 4 అల్లూరి పుట్టినరోజు. ఇవన్నీ కలిపి చూసినవాళ్లు ఆ పాట 1922 మన్యం కోసమే రాసింది కాదనీ, 1970 కొండల కోసం కూడా రాసిందనీ అంటారు.

దీనికి ఎదురు వాదన కూడా తక్కువదేమీ కాదు. అదే పాటకు కేంద్ర ప్రభుత్వం ఉత్తమ గీత రచయితగా జాతీయ పురస్కారం ఇచ్చింది. సర్కారు మీద తిరగబడమనే రహస్య పిలుపే అందులో ఉంటే, సర్కారే పిలిచి బహుమతి ఇస్తుందా అని వీరి ప్రశ్న. మూడో మాట చెప్పేవాళ్లూ ఉన్నారు. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం రాష్ట్రాన్ని రెండుగా చీల్చేంత పని చేశాయి. ఆ గాయాలు ఇంకా పచ్చిగా ఉండగా, తెలుగువారందరికీ ఒకే వీరుణ్ని చూపించింది కాబట్టి ఆ సినిమా అసలు రాజకీయం తెలుగు ఐక్యత అంటారు వీళ్లు.

మూడు వాదనలకూ ఆధారాలున్నాయి. అయితే తీసినవాళ్ల మనసులో ఏముందో ఒక్కటే, చూసినవాళ్లు అందులో ఏం చదువుకున్నారో మరొకటి. మన ఊరి దాసరి గారు ‘ఎమ్మెల్యే ఏడుకొండలు’ తీసినప్పుడు రాజకీయాన్ని ఎక్కడా దాచలేదు, పేరులోనే పెట్టేశారు. అలాంటి సినిమా గురించి ఎవరూ గుసగుసలాడరు. అల్లూరి సినిమా అలాంటిది కాదు. దేశభక్తుడు దేశాన్ని చూశాడు, విప్లవాభిమాని విప్లవాన్ని చూశాడు, తెలుగు అభిమాని తెలుగుదనాన్ని చూశాడు. ఎవరి అద్దంలో వాళ్ల ముఖం కనిపించింది. మరి గిరిజనుడు చూస్తే?

మేము అడగాలనుకున్నది ఈ నాలుగో ప్రశ్న. సినిమా ఏం దాచింది అని వెతికే ముందు, ఏం వదిలేసింది అని చూడాలి.

మన్యంలో పోరాటం రాజుతో మొదలు కాలేదు. 1879లోనే రంప లేచింది. మునసబుదారు జులుం మీద, కల్లు గీతపై వేసిన చిగురు పన్ను మీద, పోలీసుల దోపిడీ మీద కొండవాళ్లు తిరగబడ్డారు. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య దాన్ని నడిపారు. అణచడానికి మద్రాసు సైన్యం ఆరు పటాలాలను దింపాల్సి వచ్చింది. ఆ పితూరీకి మైదానం నుంచి వచ్చిన నాయకుడెవరూ అక్కరలేకపోయింది. దాని మీద అందరూ చెప్పుకునే సినిమా ఒక్కటీ లేదు.

1882 అటవీ చట్టం వచ్చాక పోడు నేరమైంది. తాతలనాటి నుంచి కట్టెలు కొట్టుకున్న అడవిలో అడుగుపెడితే జరిమానా పడింది. ముఠాదార్ల పాత హక్కులు కరిగిపోయాయి. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వక గిరిజనుల చేత వెట్టి చేయించాడు. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గాం గంటందొర ఆ అధికారితో తలపడి పదవి పోగొట్టుకున్నాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడులు జరిగినప్పుడు రాజు వెంట నిలిచింది ఇలాంటివాళ్లే. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న మొట్టడం వీరయ్యదొరను వాళ్లు విడిపించుకున్నారు. రాజు గొప్పతనం ఇక్కడేమీ తగ్గదు. కొండవాళ్ల కష్టాన్ని తన కష్టంగా చేసుకున్నాడు, ప్రాణమిచ్చాడు. కాని నిప్పు అప్పటికే రాజుకుని ఉంది.

సినిమాలో గంటందొర, మల్లుదొర పాత్రలు ఉన్నాయి. అయినా హాలు దాటి వచ్చాక మనసులో నిలిచేది చివర్లో రాజుకూ, జగ్గయ్య గారు పోషించిన రూథర్‌ఫర్డుకూ మధ్య జరిగే వాదం. చరిత్రలో కొయ్యూరులో రాజును కాల్పించినవాడు మేజర్ గుడాల్. ఇద్దరు పెద్దల ముఖాముఖిగా మలిస్తే కథ బాగా పండుతుంది, అది సినిమా ధర్మం. కాని అలా మలిచినప్పుడు అడవి, పోడు, కూలి వెనక్కి జరుగుతాయి. కథ ఇద్దరు చదువుకున్నవాళ్ల వాదంగా మిగులుతుంది. కొండవాడు వినేవాడవుతాడు.

రాజు మరణంతో సినిమా ముగుస్తుంది. మన చరిత్ర అక్కడ ముగియలేదు. గంటందొర ఆ తర్వాత కూడా పోరాడి 1924 జూన్‌లో నేలకొరిగాడు. మల్లుదొరకు ముందు ఉరిశిక్ష పడింది. దాన్ని యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. ఆయన తిరిగి వచ్చాడు. 1952లో దేశంలో జరిగిన మొదటి సాధారణ ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. బ్రిటిషు ప్రభుత్వం ఉరి తీయాలనుకున్న గిరిజనుడు స్వతంత్ర భారత పార్లమెంటులో కూర్చున్నాడు. ఇంతకంటే గొప్ప ముగింపు ఏ రచయిత రాయగలడు? మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఇప్పటి సినిమాల విషయంలోనూ ఇదే కొలత పెట్టి చూడాలి. 2022 మార్చి 25న వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ మీద దేశ విదేశాల్లో చర్చ జరిగింది. రాజు, కొమురం భీం నిజ జీవితంలో ఎప్పుడూ కలుసుకోలేదు. ఇది కల్పన అని సినిమా వాళ్లే మొదట్లో చెప్పారు. పతాక సన్నివేశంలో రాజు విల్లు పట్టి రాముడిలా కనిపించడాన్ని కొందరు ఒక రాజకీయ సంకేతంగా చదివారు. మరికొందరు అది మన పురాణాల వాసనే అన్నారు. మన కళ్లకు మాత్రం ఇంకో చోటు ముఖ్యం. చివర్లో ఏం కావాలని రాజు అడిగితే, తనకూ తనవాళ్లకూ చదువు కావాలంటాడు భీం. చదువు కోరడం తప్పు కాదు; మనమంతా దాని కోసమే ఊళ్లు దాటి వచ్చాం. కాని నిజమైన భీం నిజాం సర్కారును అడిగినవి నీరు, అడవి, భూమి. వాటి కోసమే 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలర్పించాడు. హక్కు అడిగినవాడు తెర మీద విద్యార్థిగా మారాడు. ఇది దాచిన సందేశమేమీ కాదు, అందరూ చూస్తుండగానే జరిగింది.

అందుకే మా అభిప్రాయం ఇది. ఈ సినిమాల్లో కుట్ర ఉందని మేము అనడం లేదు. వాటిని ప్రేమించవద్దనీ చెప్పడం లేదు. ఆ సినిమా లేకపోతే మన్యం పేరు ఈ డెల్టాలో ఇంతమందికి తెలిసేదే కాదు. 2022 జులై 4న మనకు దగ్గర్లోని భీమవరంలో ముప్ఫై అడుగుల అల్లూరి కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. అదే ఏడాది పాడేరు కేంద్రంగా ఆయన పేరుతో జిల్లా ఏర్పడింది. ఈ గౌరవంలో మన పూర్వీకుల వాటా ఉంది. ఆ వాటా మనకు తెలియకపోతే ఎవరూ వచ్చి చెప్పరు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి హాస్టల్లో ఆ సినిమా చూస్తూ వాదించుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో మనవాళ్ల పేర్లు ఎన్ని వినిపించాయి? వాళ్లు ఏం అడిగారు? కథ ఎక్కడ ఆగిపోయింది? పండక్కి ఊరు వెళ్లినప్పుడు ఇంట్లో పెద్దలను కూర్చోబెట్టి పితూరీల మాట, పోడు మాట, 1970లో వచ్చిన ఒకటి బై డెబ్బై భూ చట్టం మాట అడగండి. విన్నది ఒక నోటు పుస్తకంలో రాసి తీసుకురండి. వచ్చే సంచికలో ఆ పేర్లన్నీ అచ్చు వేసే బాధ్యత మాది.