ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో: రిజిస్టర్లు చెప్పే చరిత్ర

తపాలు విప్పి ఇన్‌వార్డు నంబరు వేయడంతో సర్వీసు మొదలుపెట్టినవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఒక ఆఫీసు చరిత్రే రాద్దామనిపించింది. అది మన దేశంలోది కాదు. అమెరికాలో సుమారు 40 లక్షల మంది నల్లజాతి బానిసలు విడుదలైన రోజుల్లో వారి కోసం తెరిచిన ఆఫీసు.

అంతర్యుద్ధం ముగియవస్తున్న సమయంలో, 1865 మార్చి 3న, అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసి దీన్ని యుద్ధశాఖ కింద నెలకొల్పింది. శరణార్థులు, విముక్తులు, వదిలివేసిన భూముల బ్యూరో అని పూర్తి పేరు. వాడుకలో ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో. యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న జనరల్ ఆలివర్ ఓటిస్ హోవర్డ్ దీనికి కమిషనర్. చట్టమైతే చేశారు గాని, మొదటి ఏడాది బడ్జెట్టు మాత్రం ఇవ్వలేదు! మనుషులనూ, రేషన్లనూ, మందులనూ సైన్యం నుంచే సర్దుకోమన్నారు. దక్షిణాది అంతటికీ కలిపి సిబ్బంది ఏనాడూ 900 దాటలేదని చెబుతారు.

ఇక పని చూడండి. పంట చేతికి రాగానే కూలి ఇవ్వకుండా వెళ్లగొట్టారని ఒకరు వచ్చేవారు. అప్రెంటిస్ పేరు పెట్టి పాత యజమాని పిల్లల్ని లాక్కుపోయాడని ఒక తల్లి, ఒంటిమీద దెబ్బలు చూపిస్తూ మరొకరు. ఇవన్నీ ఫిర్యాదుల పుస్తకంలోకి ఎక్కాలి: ఎవరు, ఎవరిమీద, ఏమని, ఏం చర్య తీసుకున్నారు. వచ్చిన ఉత్తరాలకు ఒక పుస్తకం, పోయినవాటికి ఒకటి, ఎండార్స్‌మెంట్లకు వేరే. పైకి రిపోర్టులు సరేసరి.

కూలి ఒప్పందాలు మరో పెద్ద పని. చదువు రానివారు గుర్తు పెడితే ఏజెంటు సాక్షి సంతకం చేసేవాడు. ఆ కాగితం కూలీని ఏడాదిపాటు ఒకే తోటకు కట్టిపడేసేది. యజమాని కూలి ఎగవేస్తే అతని చేతిలో ఉండే ఆధారమూ అదే. అందువల్ల చాలావరకు ఏజెంటు ఎలాంటివాడన్న దాన్నిబట్టే న్యాయం ఉండేది. గట్టిగా నిలబడ్డవారు ఉన్నారు, తోటల యజమానుల విందులు మరిగినవారూ ఉన్నారు.

భూమి సంగతి మరీ బాధాకరం. వదిలివేసిన భూములను విముక్తులకు 40 ఎకరాల చొప్పున ఇవ్వాలని హోవర్డ్ 1865 జులైలో సర్క్యులర్ పంపాడు. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఒప్పుకోలేదు. క్షమాభిక్ష పొందిన పాత యజమానులకు భూములు తిరిగి ఇవ్వాలంటూ సెప్టెంబరులో మరో సర్క్యులర్ హోవర్డ్ పేరుమీదే వెలువడింది. యుద్ధం చివర్లో సైన్యం ఇచ్చిన భూమిలో సేద్యం చేసుకుంటున్న ఎడిస్టో దీవి ప్రజలకు ఆ మాట చెప్పడానికి అక్టోబరులో తనే వెళ్లాడు. రెండు ఉత్తర్వులూ ఒకే ఫైలులో ఉంటే ఆ గుమాస్తా ఏమనుకున్నాడో!

అయితే నన్ను అన్నిటికన్నా కదిలించినవి మిసిసిపీ ప్రాంతపు వివాహ రిజిస్టర్లు. బానిసల పెళ్లికి చట్టంలో విలువ ఉండేది కాదు. 1864లో సైన్యం మొదలుపెట్టిన నమోదును తరువాత బ్యూరో కొనసాగించింది. వధూవరుల పేర్లు, వయసుతో గడులు ఆగలేదు. ఇంతకుముందు వేరొకరితో ఎన్నేళ్లు కాపురం చేశారు, పిల్లలు ఎంతమంది, ఎలా విడిపోయారు అని కూడా అడిగారు. చివరి ప్రశ్నకు కొన్నిచోట్ల 'మరణం' అని ఉంది. కొన్నిచోట్ల 'బలవంతంగా' అని ఉంది. అంటే చాలావరకు యజమాని అమ్మివేయడమో, వేరేచోటికి తరలించడమో. ఎన్నేళ్ల కాపురమో ఆ ఒక్క మాటలో సరిపెట్టారు. ఆ గడి గీయాలని ఎవరికి తోచిందో గాని, బానిసత్వం మీద అంతకన్నా గట్టి సాక్ష్యం నేను చూడలేదు.

1868 చివరికల్లా బ్యూరో పనులు చాలావరకు ఆగిపోయాయి, 1872లో పూర్తిగా మూసేశారు. కాగితాలు మిగిలాయి. 1860 జనాభా లెక్కల్లో బానిసలను యజమాని పేరు కింద వయసు, లింగం, రంగులతోనే రాశారు, వారి పేర్లు రాయలేదు. కనుక 1870 లెక్కలకు ముందటి పేర్లు కావాలంటే ఈ రిజిస్టర్లు ఒక ముఖ్యమైన ఆధారం. వేలాదిమంది స్వచ్ఛందంగా కూర్చుని వాటిని చదివి, 2016 నాటికి దాదాపు 18 లక్షల పేర్లతో సూచిక తయారుచేశారు. ఆనాటి గుమాస్తాల గొలుసుకట్టు రాతను వారెలా పోల్చుకున్నారో, మన రికార్డు రూముల్లో పనిచేసినవారికి వేరే చెప్పక్కర్లేదు.