మార్కులు అడగని చదువు

రాయదుర్గంలో కోట కొండ కింద, మా వీధి చివరి ఇల్లు ఇప్పుడు వేరేవాళ్ళది. ముందు గదిలో నాలుగు మిషన్లు పెట్టుకుని పొద్దస్తమానం జీన్స్ ప్యాంట్లు కుడుతుంటారు. 2009 ఎండాకాలంలో ఆ గదిలోనే చాప మీద కూర్చుని ఆ ఇంటి పిల్లవాడికి ఎస్‌ఓపీ రాసిచ్చాను. ఏం చదవాలనుకుంటున్నాడో, ఎందుకో అవతలి విశ్వవిద్యాలయానికి విన్నవించుకునే రెండు పేజీలు. చిన్నప్పటి నుంచీ కంప్యూటర్లంటే ప్రాణమని రాశాను. వాడు కంప్యూటర్ ముట్టింది ఇంటర్ అయ్యాక. వాడికి ప్రాణమైనవి బోరు మోటార్లు. కాలిపోయిన మోటారు తెచ్చిస్తే విప్పి, రాగి తీగ మళ్ళీ చుట్టి, రాత్రికల్లా నీళ్ళు పోయించేవాడు. ఆ సంగతి రాయాల్సింది. రాయలేదు.

మార్కులు తక్కువ. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆపైన అంతా ఇంగ్లిషు. ఇంజినీరింగ్ మొదటేడే నాలుగు సబ్జెక్టులు పోయాయి. చివరికవి పదకొండు బ్యాక్‌లాగులై, సప్లిమెంటరీలు రాసి రాసి ఐదేళ్ళకు పట్టా చేతికొచ్చింది. పేరున్న విశ్వవిద్యాలయాలు మెమోలన్నీ తెప్పించుకుంటాయి, ఏ సబ్జెక్టు ఎన్నోసారికి గట్టెక్కాడో చూస్తాయి. నాలుగింటికి పెట్టాడు. మూడు కుదరదన్నాయి, ఒకటి జవాబే ఇవ్వలేదు. దరఖాస్తులకు కట్టిన డబ్బు వెనక్కి రాదని వాళ్ళ నాయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అప్పుడు కన్సల్టెన్సీ నడిపే ఒకాయన అన్నాడు: "మార్కులు అడగని కాలేజీలున్నాయప్పా. జీఆర్ఈ కూడా వద్దు. పదిహేను రోజుల్లో వీసాకు కావాల్సిన ఐ-20 కాగితం వస్తుంది. పోయిన మొదటిరోజు నుంచే పని చేసుకోవచ్చు."

జైసల్మేర్ తరవాత దేశంలో అంత తక్కువ వాన పడేది మా జిల్లాలోనే అంటారు. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే ఆ ఏటి పంట పశువుల మేతకే. కణేకల్లు వైపు హగరి నది ఇసుక గాలికి లేచి పొలాల్లో మేటలు వేస్తుంది. అలాంటి నేల మీద ఆరెకరాల మెట్ట చేను వాళ్ళది. పాసు పుస్తకం కుదువకు పోయింది, వాళ్ళమ్మ గాజులు కూడా. వీసా కోసం చూపించే బ్యాంకు బ్యాలెన్సుకు విడిగా వడ్డీ. బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ అప్పుడే వీసాలు ఇవ్వడం మొదలుపెట్టింది. మద్రాసు పోయే పని తప్పిందని ఆ తండ్రి సంతోషపడ్డాడు.

ఆ ఏడే ఫిబ్రవరిలో, కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అనే ఊళ్ళోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీకి విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి దొరికింది. మా వాడు చేరింది అక్కడ కాదు, వేరేచోట. ఆ పేరు రాయను. కానీ ట్రై-వ్యాలీ కథ తెలిస్తేనే వాడి కథ అర్థమవుతుంది.

దాన్ని పెట్టినావిడ సుసాన్ షావ్‌పింగ్ సు. వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందితో మొదలై రెండేళ్ళు తిరక్కుండానే విద్యార్థుల సంఖ్య 1,500 దాటింది. అందులో నూటికి తొంభై మందికి పైగా భారతీయులు, వాళ్ళలోనూ ఎక్కువమంది మన ఆంధ్ర పిల్లలు. ఐదువందల మందికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లోని ఒకే చిరునామాలో ఉంటున్నట్టు కాగితాల్లో రాశారు. తరగతికి రావాల్సిన పనిలేదు, ఫీజు కడితే చాలు. కొత్తవాణ్ణి చేర్పిస్తే వాడి ఫీజులో ఇరవై శాతం దాకా చేర్పించినవాడికి ముట్టేది. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇదే. సీనియర్ జూనియర్‌ను, రూమ్మేట్ రూమ్మేట్‌ను, "రా తమ్ముడూ, నేనున్నా కదా" అని పిలుచుకున్న పిలుపుకు ఒక ధర కట్టారు.

2011 జనవరి 19న సోదాలు జరిగాయి. యూనివర్సిటీ మూతపడింది. కొందరు పిల్లల కాళ్ళకు, ఎక్కడికి పోయినా తెలిసేలా, ఎలక్ట్రానిక్ పట్టీలు తొడిగారు. మన పత్రికలు వాటిని రేడియో కాలర్లన్నాయి. అడవిలో పులికి కట్టే వస్తువు పేరు అది. మన విదేశాంగ శాఖ గట్టిగా అభ్యంతరం చెప్పింది. సుసాన్ సుకు 2014లో పదహారున్నరేళ్ళ శిక్ష పడింది. పిల్లల్లో కొందరికి వేరే కళాశాలలు దొరికాయి, కొందరు వెనక్కి వచ్చేశారు.

వాళ్ళు తెలిసే పోయారు, చదువు వంకతో పనికి పోయారు అన్నవాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు. కొందరికి తెలుసు, కాదనను. కానీ ఆ యూనివర్సిటీకి అనుమతిచ్చింది అమెరికా ప్రభుత్వం, పాస్‌పోర్టు మీద వీసా వేసింది అమెరికా కాన్సులేట్. రాయదుర్గంలో ఒక మెట్ట రైతు ఇంతకంటే ఏం చూసి నమ్మాలి? 2019 జనవరిలో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీనైతే నడిపిందే అమెరికా ప్రభుత్వం. పంతుళ్ళు లేరు, పాఠాలు లేవు. ఉన్నది వల. అందులో సుమారు ఆరువందల మంది పేర్లు చేరాయి. ఎక్కువమంది తెలుగువాళ్ళే.

2011 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆ తండ్రి పేపరు మడిచి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అందులో కాలి పట్టీ ఫోటో. "మావోడిది ఆ కాలేజీ కాదని చెప్తా ఉండాడు సామీ. ఒకసారి చూపిచ్చు." ఇద్దరం బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్‌కు పోయాం. స్కైప్‌లో మొహం కనిపించింది, చిక్కిపోయి ఉంది. తిన్నావా అని అడగలేదు, డబ్బు మాట ఎత్తలేదు. "కాళ్ళు చూపీరా నాయనా" అన్నాడు. వాడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ మీదికెక్కి ప్యాంటు పైకి లాగి ఒక కాలు చూపించాడు. "ఇంకోటి" అన్నాడు తండ్రి. రెండోదీ చూపించాడు. రెండూ ఖాళీ. ఇంటికి వచ్చేదాకా ఆయన ఏమీ మాట్లాడలేదు.

తరవాత ఏడాదికే వాడి కాలేజీ కూడా మూతపడింది. ఇంకోచోట చేరడానికి మళ్ళీ అవే మెమోలు, అవే పదకొండు బ్యాక్‌లాగులు. కట్టడానికి చేతిలో డబ్బు లేదు. వీసా హోదా పోయింది. పెట్రోలు బంకులో రాత్రి డ్యూటీ చేస్తూ వడ్డీ పంపాడు. వస్తే మళ్ళీ పోలేడు. పోలేకపోతే అప్పు తీరదు. చేను ముందు పోయింది, తరవాత ఇల్లు.

మూడేళ్ళ కిందట నాయన పోయాడు. అద్దె ఇంటి వాకిట్లో పడుకోబెట్టారు. నా ఫోనులోనే వీడియో కాల్ పెట్టాం. వాడికి అక్కడ అర్ధరాత్రి, బంకు లైటు వెలుతురులో నిలబడి ఉన్నాడు. చాలాసేపు మొహమే చూశాడు. కర్మ చేసేవాడు తొందరపెడుతున్నాడు.

"అన్నా, కాళ్ళు చూపించన్నా" అన్నాడు.

ఫోను కిందికి దించి పట్టుకున్నాను.