బెంకూలెన్‌కు మారుగా వచ్చిన జగన్నాథపురం

1824 మార్చి 17న లండన్‌లో ఇంగ్లీషువాళ్లూ డచ్చివాళ్లూ ఒక ఒప్పందం రాసుకున్నారు. ఆసియాలో ఎవరి వాటా ఎంతో తేల్చుకుని, ఇక మీదట కొట్లాటలు లేకుండా చూసుకోవాలని దాని సారాంశం. దాని ప్రకారం సుమత్రా దీవిలోని బెంకూలెన్‌ను, అక్కడి మార్ల్‌బరో కోటతో సహా, ఇంగ్లీషువాళ్లు డచ్చివాళ్లకు ఇచ్చేశారు. డచ్చివాళ్లు మలక్కాతో పాటు భారతదేశంలో తమకున్న స్థావరాలన్నీ ఇంగ్లీషువాళ్లకు అప్పగించారు. అలా చేతులు మారిన వాటిలో మన కాకినాడ జగన్నాథపురం ఒకటి.

బెంకూలెన్ ఇవాళ బెంకులు. ఇండోనేషియాలో అదే పేరుగల రాష్ట్రానికి రాజధాని. జగన్నాథపురం కాకినాడ నగరంలో ఒక పేట. మెయిన్ రోడ్డున దక్షిణంగా వెళ్లి ఉప్పుటేరు మీది వంతెన దాటితే వచ్చేస్తుంది. రోజూ వేలమంది ఆ వంతెన మీదుగా వెళ్లొస్తారు. ఒకప్పుడు ఆ ఏటికి అవతల వేరే జెండా ఎగిరేదన్న సంగతి మాత్రం ఊళ్లోనే చాలామందికి తెలియదు. యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్లదని చిన్నపిల్లాడైనా చెబుతాడు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న జగన్నాథపురం తొంభై ఏళ్లకు పైబడిన డచ్చి చరిత్రను మరిచిపోయింది.

డచ్చి ఈస్టిండియా కంపెనీకి గోదావరి డెల్టా కొత్తకాదు. 1613 నాటికే పాలకొల్లులో దిగారు. 1633లో ద్రాక్షారామంలో వర్తకశాల పెట్టి, 1730 దాకా నడిపారు. ఆ తరవాత 1734లో సముద్రం ఒడ్డునే ఉన్న జగన్నాథపురంలో కుదురుకున్నారు. సరుకును పడవల మీద తేవాలన్నా, ఓడల్లోకి ఎక్కించాలన్నా ఉప్పుటేటి ఒడ్డు కంటే అనువైన చోటు ఏముంటుంది? అప్పటికి గోదారి పాయల వెంట ముగ్గురు తెల్లదొరల కొట్లూ పక్కపక్కనే వెలిశాయి. ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు, జగన్నాథపురంలో డచ్చివాళ్లు. ముగ్గురికీ కావలసింది ఒకటే, డెల్టా సాలెవాళ్లు నేసిన బట్ట.

ఆ బట్ట ఎందుకంత అవసరమో తెలియాలంటే ఇండోనేషియా దాకా వెళ్లాలి. డచ్చివాళ్లకు లాభాలు తెచ్చిపెట్టేవి మిరియాలు, లవంగాలు, జాజికాయ, జాపత్రి. అవి పండే దీవుల్లో జనం యూరప్ సరుకును ఖాతరు చేసేవారు కాదు. వాళ్లు అడిగేది కోరమండల్ తీరపు నూలుబట్ట. అందుకని కంపెనీ ముందుగా ఇక్కడ బట్ట కొనాలి, దాన్ని జావా దీవిలోని బటావియాకు, అంటే నేటి జకార్తాకు చేర్చాలి, అక్కణ్ణుంచి దీవుల్లోకి పంపి సుగంధద్రవ్యాలు తెచ్చుకోవాలి. మసాలాల వ్యాపారమంతా ఈ చివరన మన మగ్గం మీద ఆధారపడి ఉండేది.

కొనుగోలు ఎలా జరిగేదో కాస్త వివరంగా చూద్దాం. కంపెనీ దొర నేరుగా సాలెపేటకు వెళ్లడు. తెలుగు వర్తకుణ్ణి పట్టుకుంటాడు. ఫలానా రకం, ఫలానా పొడవు, ఫలానా పన్నా అని మచ్చు చూపించి, బయానా సొమ్ము ముట్టజెబుతాడు. వర్తకుడు ఆ డబ్బును ఊళ్లలోని నేతగాళ్లకు పంచుతాడు. సాలె ఆ డబ్బుతో నూలు కొనుక్కుని, మగ్గం మీద బట్ట నేసే రోజుల్లో ఇంట్లోవాళ్లకు తిండి పెట్టుకోవాలి. నేసిన తాను కొట్టుకు చేరాక పరీక్ష మొదలు. మచ్చు పక్కన పెట్టి నేత బిగువు చూస్తారు, కొలతలు వేస్తారు. సరితూగితే ఒక ధర, కాస్త తగ్గితే ఇంకో ధర, బొత్తిగా కుదరకపోతే తిప్పికొడతారు. తిరిగొచ్చిన తాను నష్టం చివరికి వచ్చి పడేది నేతగాడి నెత్తినే. గోదావరి సీమ నుంచి ఎక్కువగా వెళ్లింది గినీబట్ట అని వాళ్లు పిలుచుకున్న పొడవాటి తెల్లతాను. కంపెనీ దీనికి బదులుగా వెండి, బంగారం, జపాను రాగి, సుగంధద్రవ్యాలు దింపేది.

అప్పగింతకు ముందే ఈ పేట చాలాసార్లు చేతులు మారింది. యూరప్‌లో ఇంగ్లండుకూ హాలండుకూ చెడిన ప్రతిసారీ ఇక్కడి కొట్టుకు తాళం పడేది. 1781లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని, 1784లో రాజీ కుదిరాక వదిలారు. ఫ్రెంచి విప్లవ కాలపు యుద్ధాల్లో 1795లో మళ్లీ తీసుకుని, 1818లో తిరిగిచ్చారు. ఈ నడుమ 1799 ఆఖరుతో డచ్చి కంపెనీయే మూతబడింది. తిరిగి వచ్చిన డచ్చివాళ్లకు పాత వైభవం దక్కలేదు. పైగా ఇంగ్లండు మరబట్ట లోకమంతా పరుచుకుంటున్న రోజులవి. చివరికి లండన్ ఒప్పందం మేరకు 1825లో జగన్నాథపురం ఇంగ్లీషువాళ్ల పరమైంది. మగ్గం నడిపినవాడినిగానీ పడవ తోసినవాడినిగానీ ఎవరూ ఒక మాట అడగలేదు.

అక్కడ సుమత్రాలోనూ అదే జరిగింది. బెంకూలెన్‌లో ఇంగ్లీషువాళ్లు 1685 నుంచి మిరియాల కోసం ఉన్నారు. మార్ల్‌బరో కోటను 1714 నుంచి 1719 దాకా కట్టారు. సింగపూరు స్థాపించిన రాఫిల్స్ 1818 నుంచి అక్కడ లెఫ్టినెంట్ గవర్నరు. ఆ కోట కట్టడానికీ కాపలాకూ మన దేశం నుంచి మనుషులు వెళ్లారు. మొహర్రం మొదటి పది రోజుల్లో బెంకులులో తబూత్ ఉత్సవం జరుగుతుంది. తబూతులు కట్టి ఊరేగించే ఆ వేడుకను భారతదేశం నుంచి వచ్చిన ముస్లిం పనివాళ్లూ సిపాయిలూ తెచ్చారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మన ఊళ్లలో పీర్ల పండుగ చూసినవాళ్లకు అది పరాయిదనిపించదు. కాగితం మీద రెండు పట్నాలు మార్చుకున్నారు. అంతకుముందే మనుషులూ బట్టా పండుగలూ సముద్రం దాటిపోయాయి.

డచ్చివాళ్లు పోయాక జగన్నాథపురం చితికిపోలేదు, దానికి కారణం సముద్రమూ గోదారీ. దక్షిణాన ఉన్న కోరంగి అప్పటికి పేరుమోసిన రేవు. 1839 నవంబరు తుపాను ఉప్పెనలో అది నాశనమైంది, మిగిలినదాన్ని మేట పూడ్చేసింది. వర్తకం ఉత్తరానికి జరిగి కాకినాడకు చేరింది. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తై కాలువలు వచ్చాయి. డెల్టా వడ్లు, నువ్వులు పడవల మీద కాకినాడకే దిగేవి. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోతే ఇక్కడి పత్తికి గిరాకీ పెరిగింది. 1866లో కాకినాడ మునిసిపాలిటీ అయింది. ఏటికి ఇవతల నగరం విస్తరించి, అవతలి పేటను తనలో కలుపుకుంది.

ఆ తరవాత ఈ తీరం జనం తూర్పుకు వెళ్లడం ఇంకా పెరిగింది. రంగూన్ ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో కూలిపనికి కాకినాడ నుంచి స్టీమర్లు ఎక్కారు. బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచేవారు. అలా వెళ్లి గొప్పగా సంపాదించినవారిలో మల్లాడి సత్యలింగం నాయకర్ ఒకరు. మత్స్యకార కుటుంబంలో పుట్టిన ఆయన తన ఆస్తిని చదువుకూ దానధర్మాలకూ రాసిపోయారు. జగన్నాథపురంలోని ఎమ్మెస్సెన్ చారిటీస్ ఆయన పేరనే నడుస్తోంది. డచ్చివాళ్లు వదిలివెళ్లిన పేటలో పిల్లల్ని చదివించింది తూర్పు సముద్రం దాటి వచ్చిన ఒక తెలుగువాడి కష్టార్జితం.

జగన్నాథపురంలో ఇవాళ్టికీ ఏరే బతుకు. పోటు వేళకు ఏరు నిండుతుంది, ఆటుకు బురద తేలుతుంది. మరపడవలు ఆ వేళలు చూసుకునే సముద్రంలోకి పోయి వస్తాయి. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లు, ఐసు దించేవాళ్లు, చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు. ఏటివాటం ఎరిగిన మనుషులు ఇక్కడ ఉండబట్టే డచ్చివాళ్లు వచ్చారు.

భీమిలిలో డచ్చి సమాధులు ఉన్నాయి, పర్యాటకులు చూస్తారు. బెంకులులో మార్ల్‌బరో కోటను కాపాడుకుని ఊరి గుర్తుగా చూపించుకుంటున్నారు. జగన్నాథపురం చరిత్ర వాటికి ఏమాత్రం తీసిపోదు. వంతెన దగ్గర ఒక ఫలకం పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. 1734, 1825 అని రెండు ఏళ్లు వేసి, ఇక్కడి నుంచి సముద్రం దాటిన బట్ట గురించి, దాన్ని నేసిన ఊళ్ల గురించి నాలుగు వాక్యాలు తెలుగులో చెక్కితే చాలు. ఆ పేట బడిపిల్లలకు తమ వీధి ప్రపంచ చరిత్రలో ఎక్కడుందో పుస్తకం తెరవకుండానే తెలుస్తుంది. నగరపాలక సంస్థ ఈ పని చేసి తీరాలి.