పదేళ్ల గడువుతో పుట్టిన చట్టం



పోయిన వారం ఆదోనిలో డిగ్రీ చివరి సంవత్సరం పిల్లలతో మాట్లాడుతుంటే కోసిగి వైపు నుంచి వచ్చే ఒక తమ్ముడు అడిగాడు. "సార్, అసెంబ్లీ సమావేశాలు అయిపోతే మిగిలిపోయిన బిల్లులు ఏమైతాయి సార్?" నేను చెప్పేది తెలుగు సాహిత్యం, అయినా నన్నే అడిగాడు. జవాబు చిన్నదే. సమావేశాలు ముగిసి సభ ప్రొరోగ్ అయితే బిల్లు చావదు, మళ్లీ సభ కూర్చున్నప్పుడు అక్కడి నుంచే ఎత్తుకోవచ్చు. శాసనసభే రద్దయితే మాత్రం దాని ముందున్న బిల్లు పోతుంది. రాజ్యాంగం 196వ అధికరణంలో ఉంది, చదవండి.

ఆ రాత్రి నాకు ఇంకో ప్రశ్న పట్టుకుంది. బిల్లు కాదు, పాసైన చట్టానికే చావు తేదీ రాసిపెడితే?

మన సబ్‌ప్లాన్ చట్టం సంగతే అది. గిరిజన ఉప ప్రణాళిక అయిదో ప్రణాళిక కాలంలో వచ్చింది. ఎస్సీలకు ప్రత్యేక కాంపొనెంట్ ప్లాన్ 1970ల చివర్లో రూపుదిద్దుకుంది. దాని వెనక పి.ఎస్. కృష్ణన్ అనే ఐఏఎస్ అధికారి శ్రమ ఉంది. జనాభా దామాషాలో ప్రణాళిక నిధులు ఎస్సీ, ఎస్టీలకే ఖర్చు పెట్టాలి. మాట బాగానే ఉంది, కానీ అది చట్టం కాదు, మార్గదర్శకం. మార్గదర్శకాన్ని మీరితే జైలూ లేదు, జరిమానా లేదు. ఢిల్లీలో కామన్వెల్త్ క్రీడలకు దళితుల నిధులు మళ్లిన సంగతి 2010లో పార్లమెంటులోనే బయటపడింది. మన రాష్ట్రంలో దళిత సంఘాలు, వామపక్ష సంఘాలు, కాకి మాధవరావు లాంటి విశ్రాంత అధికారులు ఏళ్ల తరబడి తిరిగారు, ధర్నాలు చేశారు, లెక్కలు తీశారు. చివరికి ఉప ముఖ్యమంత్రి దామోదర రాజనర్సింహ అధ్యక్షతన మంత్రివర్గ ఉపసంఘం వేశారు. 2012 నవంబర్ 30న ప్రత్యేక సమావేశాలు మొదలయ్యాయి. డిసెంబర్ 2న, ఆ సమావేశాల చివర్లో, బిల్లు పాసైంది. 2013లో 1వ నంబరు చట్టమైంది. దేశంలో ఇలాంటి చట్టం తెచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఆ రోజు మనం స్వీట్లు పంచుకున్నాం, పంచుకోవాల్సిందే.

కానీ ఆ చట్టంలోనే ఒక నిబంధన ఉంది. అమలులోకి వచ్చిన పదేళ్లకు ఈ చట్టం ముగుస్తుంది అని. వేల ఏళ్ల వెనకబాటును సరిచేయడానికి పదేళ్లు! బిల్లు మీద క్లాజుల వారీగా పరిశీలన జరిగేటప్పుడు ఏ సభ్యుడైనా సవరణ ఇవ్వొచ్చు. ఎమ్మెల్యే అసలు పని అక్కడుంది, శిలాఫలకం దగ్గర కాదు. సమావేశాల చివరి రోజున క్లాజులు ఎంత వేగంగా కదులుతాయో పాత ప్రొసీడింగ్స్ తిరగేసినవాళ్లకు తెలుసు.

పదేళ్లు గడిచాయి. గడువు 2023 జనవరిలో. అంతకు ముందు, 2022 సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ కూర్చుంది. ఆ సమావేశాల చివరి రోజు, సెప్టెంబర్ 21న, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పేరు మార్చే బిల్లు పాసైంది. పేరు మార్చడానికి సభకు టైముంది. నాలుగు నెలల్లో చచ్చిపోయే మన చట్టాన్ని బతికించే పని మాత్రం ఆ సమావేశాల్లో కాలేదు. జనవరిలో సభ లేదు కాబట్టి ఆర్డినెన్స్‌తో ఇంకో పదేళ్లు పొడిగించారు. ఆర్డినెన్స్ అంటే తెలుసు కదా, చర్చ ఉండదు. నిధులు ఎక్కడికి పోయాయి, ఖర్చు కాని డబ్బు మరుసటి ఏడాదికి ఎందుకు కలపరు అని ఆ పూట అడిగే వేదికే లేకపోయింది. తెలంగాణ 2017లో వేరే చట్టం తెచ్చుకుంది, ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాది సర్దాలన్న మాట అందులో ఉంది. అమలు సంగతి వేరే కథ.

గడువు అందరికీ ఒకేలా పనిచేయదు. మన పెద్దపాడు బిడ్డ, ఎమ్మిగనూరు నుంచి శాసనసభకు వెళ్లిన దామోదరం సంజీవయ్య 1960 జనవరి నుంచి 1962 మార్చి దాకా ముఖ్యమంత్రి. ఆయన హయాంలోనే 1961 భూ పరిమితి చట్టం వచ్చింది. దళిత ముఖ్యమంత్రి ఉన్నా ఆ చట్టంలో పరిమితి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా పెట్టారు. బిల్లు గురించి మాట్లాడుకుంటూనే ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లు ఎవరికి ఉపయోగపడతాయో భూమి ఉన్నవాళ్లకు తెలుసు. అక్కడ ఆలస్యం వాళ్లది. ఇక్కడ గడువు మనది. సంజీవయ్యను తక్కువ చేయడానికి ఇది రాయడం లేదు. సభలో మంద ఎవరిదో చెప్పడానికి రాస్తున్నా.

ఇంకో మాట. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ. పడమటి కర్నూలులో ఈ అయిదింటిలో ఆలూరు ఒకప్పుడు ఎస్సీ రిజర్వుడు. 2008 పునర్విభజనతో అది జనరల్ అయ్యింది, కోడుమూరు రిజర్వుడు అయ్యింది. అంటే 2012లో బిల్లు పాసైనప్పుడు ఈ అయిదు చోట్ల నుంచి రిజర్వుడు ఎమ్మెల్యే ఒక్కరూ లేరు. జనరల్ సీటు ఎమ్మెల్యే కూడా మన ఓట్లతోనే గెలుస్తాడు. "అది ఎస్సీ ఎమ్మెల్యేల పని" అనే మాట మనవాళ్ల నోటే వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

బడ్జెట్ సమావేశాల్లో పద్దుల చర్చకు కేటాయించిన చివరి రోజు గిలెటిన్ అనేది ఒకటుంటుంది. చర్చకు రాని పద్దులన్నీ ఒక్కసారి ఓటింగుకు పెట్టి పాస్ చేసేస్తారు. సాంఘిక సంక్షేమం పద్దు చర్చకు వచ్చిందా, గిలెటిన్‌లో పోయిందా, ఏటా చూసి రాసిపెట్టుకోండి. మీ ఎమ్మెల్యే ఆ పద్దు మీద నోరు తెరిచాడో లేదో ప్రొసీడింగ్స్‌లో దొరుకుతుంది.

ఇదంతా చెప్పాక ఆ తమ్ముడు కాసేపు ఊరకున్నాడు. "సార్, బడ్జెట్ ఎప్పుడు పెడతారు?" అన్నాడు. మామూలుగా ఫిబ్రవరి, మార్చి అన్నాను. "అప్పుడు మా వాడలో ఎవరూ ఉండరు సార్. సంక్రాంతి అయినాక అందరూ సుగ్గికి గుంటూరు పోతారు. ముసలోళ్లు, మేకలు ఉంటాయి."

(వచ్చే భాగంలో ద్విసభ్య నియోజకవర్గాల కథ.)