లక్షకు వెయ్యి

పెన్షన్ వద్దు బాబోయ్ అని సంతకం పెట్టి ఇచ్చినవాళ్లను కళ్లారా చూశాను నాయనా. వాళ్లేమీ తెలియనివాళ్లు కాదు. చక్రవడ్డీ నోటిలెక్కగా చెప్పేవాళ్లు, పది పైసలు తేడా వస్తే రాత్రి తొమ్మిదైనా లెడ్జరు మూయనివాళ్లు. మేమంతా బ్యాంకువాళ్లమే మరి. నవ్వకు, అసలు ముచ్చట ఇంకా మొదలే కాలేదు.

అప్పటి బ్యాంకు నీకెక్కడ తెలుస్తుందిలే. చెక్కు ఇస్తే చేతిలో ఇత్తడి టోకెను పెట్టేవాళ్లం. అది పట్టుకుని జనం బెంచీ మీద కూర్చుని ఊళ్లో కబుర్లన్నీ చెప్పుకునేవాళ్లు. ఇనప జాలీ వెనక హెడ్ క్యాషియరుగారు తడి స్పాంజిలో వేలు ముంచుకుని నోట్లు లెక్కపెడుతుంటే ఎదురుగా మేనేజరు నిలబడ్డా తలెత్తేవారు కాదు. పదకొండింటికి హోటలు కుర్రాడు కాఫీ తెచ్చేవాడు. కప్పు మూడు రూపాయలు, లెక్క నెలాఖరుకి. ఎవరు ఎన్ని తాగారన్న దాని మీద మాత్రం ప్రతి నెలా పేచీయే. లక్షల లెక్క సరిపోయేది, కాఫీల లెక్క ఏనాడూ సరిపోలేదు. సరే, కాఫీ దగ్గర ఆగితే తెల్లారిపోతుంది.

మాకప్పుడు పెన్షన్ లేదు. రిటైరైతే పీఎఫ్‌లో మన వాటా, బ్యాంకు వాటా, పైన గ్రాట్యుటీ, ఒక శాలువా, అంతే. పెన్షన్ గవర్నమెంటువాళ్ల సొత్తు. పెళ్లి సంబంధాల్లో కూడా జీతం మాకే ఎక్కువైనా, 'పెన్షనున్న ఉద్యోగమేనా' అనే మాట దగ్గర కలెక్టరాఫీసు గుమాస్తా ముందు మేం తగ్గేవాళ్లం. అలాంటిది 1993 అక్టోబరు 29న యూనియన్లకూ బ్యాంకులకూ ఒప్పందం కుదిరింది. రెండేళ్లు నానబెట్టి 1995 సెప్టెంబరు 29న నిబంధనలు బయటికొచ్చాయి. పెన్షన్ కావాలంటే పీఎఫ్‌లో బ్యాంకు వాటా వదులుకోవాలి. ముప్ఫై మూడేళ్ల సర్వీసుంటే చివరి పది నెలల సగటులో సగం పెన్షన్, దాని మీద కరువు భత్యం. మనం పోయాక భార్యకు ఫ్యామిలీ పెన్షన్. ఏది కావాలో తేల్చి చెప్పడానికి నూట ఇరవై రోజుల గడువు.

ఆ నాలుగు నెలలూ మా బ్రాంచిలో క్యారియర్లు తెరిస్తే చాలు, ఇదే గోల. హెడ్ క్యాషియరుగారు పాడైపోయిన విత్‌డ్రాయల్ స్లిప్పు తిరగేసి లెక్క వేసి చూపించారు. అప్పట్లో పీఎఫ్ మీద వడ్డీ 12 శాతం. "లక్షకు నెలకు వెయ్యి. నాకు బ్యాంకు వాటా మూడు లక్షలొస్తుంది, నెలకు మూడు వేలు. వాళ్లిచ్చే పెన్షనూ ఇంచుమించు అంతే. పైగా నా అసలు నాకుంటుంది, నేను పోతే పిల్లలకుంటుంది. పెన్షనైతే మనతోనే గోవిందా!" ఆ స్లిప్పు చేతులు మారి మారి నలిగిపోయింది. తులం బంగారం ఐదు వేల లోపున్న రోజులు, మూడు లక్షలంటే కళ్లు తిరగవూ?

యూనియను కుర్రాళ్ల గొడవ ఇంకోటి. సమ్మెలో పాల్గొంటే వెనకటి సర్వీసు పోతుందన్న మాట ఆ నిబంధనల్లో ఉంది. ఇది పెన్షనా, సంకెళ్లా అని వాళ్లు ఎగిరారు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. మా అకౌంటెంటుగారి కథ వేరు. ఆయన జాతకంలో అరవై రెండో ఏట గండం ఉందట. "రెండేళ్ల పెన్షన్ కోసం అంత వాటా ఎవడు వదులుకుంటాడయ్యా" అని పెన్షన్ వద్దని రాసేశారు. ఎనభై దాటాక కూడా ఆయన పొద్దున్నే చేతికర్ర లేకుండా నడకకు పోయేవారు. ఆ జ్యోతిష్కుడు మాత్రం ముందే పోయాడు. ఇంకో గుమాస్తా ఉండేవాడు, తనకు పడని పక్క సీటువాడు పీఎఫ్ రాశాడని తెలిసి తను పెన్షన్ రాశాడు. పగ కూడా ఒక్కోసారి అన్నం పెడుతుంది నాయనా.

ఎటొచ్చీ మా అటెండరు భార్య. సంతనాడు కూరల సంచీతో నేరుగా బ్రాంచికొచ్చి మేనేజరు బల్ల ముందు నిలబడింది. "అయ్యా, నాకు లెక్కలు రావు. ఈయన పోయాక నాకు నెలనెలా వచ్చేది ఏ కాగితంలో ఉందో అది చూపించండి, వేలిముద్ర వేయిస్తా" అంది. "నాకు సంతకం వచ్చే!" అని అటెండరు గొణిగాడు. మేమంతా నవ్వాం. కానీ ఆ మాటతో నా లెక్కా తేలిపోయింది, వాళ్ల వెనకే నేనూ పెన్షన్ రాసేశాను. బ్రాంచి మొత్తంలో అందరూ ఎప్పుడు పోతామా అని లెక్కలు వేస్తుంటే, ఎంతకాలం బతకాల్సొస్తుందో అడిగింది ఆవిడొక్కతే.

తర్వాతేమైంది? వడ్డీలు దిగడం మొదలుపెట్టాయి. 2003 వచ్చేసరికి ఫిక్సెడ్ డిపాజిట్ మీద లక్షకు నెలకు ఐదొందలు కూడా గగనమైపోయింది. అయినా వడ్డీ తగ్గడం ఒక ఎత్తు, అసలు కరగడం ఒక ఎత్తు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మా హెడ్ క్యాషియరుగారు పాపం కూర్చుని తిననే లేదు. పెద్దవాడి ఫ్లాటుకు అడ్వాన్సు, అల్లుడి మందుల షాపుకు పెట్టుబడి, చెల్లెలి ఇంట్లో శుభకార్యం. మొత్తంగా చేతికొచ్చిన డబ్బుకు చుట్టాలెక్కువ. నెలనెలా వచ్చే పెన్షన్‌ని ఎవడడుగుతాడు?

2010 ఏప్రిల్ 27న ఇంకో ఒప్పందం జరిగింది. అప్పుడు వద్దన్నవాళ్లకు మళ్లీ అవకాశమన్నారు. రిటైరైపోయినవాళ్లు అప్పట్లో తీసుకున్న బ్యాంకు వాటా తిరిగి కట్టాలి, దాని మీద 56 శాతం అదనం. మూడు లక్షలకు నాలుగు లక్షల అరవై ఎనిమిది వేలన్నమాట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అనుకో, ఆకులైనా దొరికాయి. క్యాషియరుగారు డెబ్బై రెండో ఏట ఇంటి వెనక స్థలం అమ్మి కట్టారు. స్లిప్పు తిరగేసి లెక్క వేసే కట్టారులే, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది?

పెన్షన్ రాసినవాళ్లంతా గెలిచారని అనను. పెళ్లాంబిడ్డలు లేని మా గుమాస్తా ఒకాయన రిటైరైన ఏడాదిన్నరకే పోయాడు, వదులుకున్న వాటా వదులుకున్నట్టే అయింది. బతికున్నవాళ్లకూ మూల పెన్షన్ రిటైరైన నాటి జీతం దగ్గరే ఆగిపోయింది, కరువు భత్యమే దిక్కు. పీఎఫ్ తీసుకుని బెజవాడ పొలిమేరల్లో స్థలాలు కొన్న మా ఫీల్డాఫీసరు మమ్మల్నందర్నీ కొనేయగలడిప్పుడు. కానీ వాడు చుట్టాలకు పైసా ఇచ్చేవాడు కాదు, అది వేరే విద్య.

ఇక నీ సంగతి. కొత్త ఉద్యోగంలో పీఎఫ్ వద్దంటే చేతికి నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని చూస్తున్నావు. ఒక మాట తెలుసుకో. 2014 సెప్టెంబరు నుంచి కొత్తగా చేరి, బేసిక్ 15,000 దాటినవాళ్లను పీఎఫ్‌తో ముడిపడ్డ పెన్షన్ పథకంలోకి రానివ్వట్లేదు. కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌లోకే పోతుంది. అంటే నువ్వు వద్దనడానికి పెన్షన్ అసలు లేనే లేదు, ఉన్నది పీఎఫ్ ఒక్కటే. అదైనా ఇదే మొదటి ఉద్యోగం గనక, బేసిక్ ఆ గీత దాటింది గనక వద్దనే వీలుంది. ఒకసారి చేరితే ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నీ ఇష్టానికి బయటికి రాలేవు. పీఎఫ్ పదకొండో నంబరు ఫారం రేపు సాయంత్రంలోగా ఇవ్వాలన్నావు కదా. ఇచ్చేముందు మీ కంపెనీ హెచ్ఆర్ అమ్మాయినే అడుగు, నేను వద్దంటే కంపెనీ వాటా నా జీతంలో కలుపుతారా, మీరే అట్టేపెట్టుకుంటారా అని. నోటిమాట కాదు, కాగితం మీద రాయించుకుని రా. అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం. స్లిప్పులు నా దగ్గర ఇంకా ఉన్నాయి.