కట్టులోని పూవరహా

పాతనాణెమునకు లోహపు కట్టు వేయించి, కొక్కెము తగిలించి మెడలో ధరించుట మన పెద్దల వాడుక. రంధ్రము చేయనందున నాణెము తూకము తగ్గదు. అట్టి వెండిబిళ్ళపై ఒకవైపు నక్షత్రముల నడుమ గోపురము, రెండవవైపు విష్ణుమూర్తి కన్పించినచో, చూచినవారు దానిని రామటంకె యనుకొందురు.

నిజమునకది దేవుని సొత్తు కాదు, సంతలో నడచిన సొమ్ము. మన కవరైపేట్టైకి దక్షిణమున నున్న చెన్నపట్టణపు టంకసాలలో, 1807-08 ప్రాంతమున, ఈస్టిండియా కంపెనీ వేయించిన అరవరహా లేక పావువరహా. విలువ తెలుపు అక్షరములు అంచుననే యున్నవి: గోపురము చుట్టు ఇంగ్లీషు, పారసీ, విష్ణువు చుట్టు అరవము, తెలుగు. కట్టు కప్పివేయునది ఆ అక్షరములనే!

1818లో మదరాసు రాజధానికి రూపాయి ప్రమాణమైనది. 100 వరహాలకు 350 రూపాయలు. నాటితో వరహాల కాలము ముగిసినది.

కావున సోదరులారా, కరిగింపబోవుటకు ముందు తెలిసిన కంసాలిచే కట్టు విప్పించి చూడుడు. అంచున “పూవరహా” యని మన లిపిలోనే యుండవచ్చును.